ఆరో గిన్నె

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి గెసీన్ రూపెల్ ఆపిల్ కేకు ట్రే పట్టుకుని సమావేశం గదిలోకి వచ్చేసరికి పదకొండు మందీ ప్లేట్లు ముందు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. మామూలు రోజుల్లో ఆ బల్ల నిండేసరికి పావుతక్కువ పది అవుతుంది.

కేకుకో కారణం ఉంది. ఆ బల్ల చుట్టూ ఉన్న కుర్చీల్లో మూడింటికి మాత్రమే చేతులుంటాయి. ఆ మూడింట్లో కూర్చున్న వాళ్లెవరైనా "ఎత్తండి" అన్నారంటే, అంగారకుడి చుట్టూ తిరుగుతున్న నౌకని ఐదు కిలోమీటర్లు పైకి ఎత్తేయాలి. ఎందుకని ఆ రోజు ఎవరూ అడగకూడదు. తర్వాత ఏ ప్రమాదమూ కనబడకపోతే, ఎత్తమన్న మనిషి అందరికీ కేకు తేవాలి. మొదటి సగం నియమాల పుస్తకంలో ఉంది. రెండో సగం ఇంతకుముందు నౌకల నాటిది, ఎక్కడా రాసి లేదు, అందుకే దాన్ని ఎవరూ మీరరు.

నౌకకి పదకొండు అక్షరాల అధికారిక నామం ఒకటుంది. దాన్ని మంత్రిగారు తప్ప ఎవరూ పలకరు. అందరికీ అది ట్రూడి. ట్రూడికి బ్రేకులు లేవు. ఆగడానికి సరిపడా ఇంధనం నింపుకుంటే అసలు నేల మీంచి లేచేదే కాదు. అందుకని అంగారకుడి మీదున్న పలచటి గాలినే బ్రేకుగా వాడుకుంటోంది. రోజుకి ఆరుసార్లు కిందికొచ్చి, సౌరఫలకాల రెక్కలు చాచి, నూట ఎనిమిది కిలోమీటర్ల ఎత్తున ఆ గాలిని తొమ్మిది నిమిషాలపాటు ఒరుసుకుని, రవ్వంత వేగం పోగొట్టుకుని మళ్లీ పైకి పోతుంది. ఒరుసుకుంటే రెక్కలు వేడెక్కుతాయి. నూట డెబ్బై అయిదు డిగ్రీలు దాటితే రెక్కల మీది పలకల్ని పట్టి ఉంచే జిగురు వదిలేస్తుంది. రెక్కలు పోతే కరెంటు లేదు, కరెంటు లేకపోతే ట్రూడి లేదు.

పోయిన గురువారం గెసీన్ "ఎత్తండి" అంది. ఎత్తారు. ఏమీ కాలేదు.

ఎత్తబట్టి కాలేదా, ఎత్తకపోయినా కాకపోయేదా అన్నది ఎవరికీ తెలియదు. ఎత్తేశాక కింద ఏం జరిగేదో చూసొచ్చేవాళ్లు లేరు కదా. తెలియనప్పుడు కేకే.

బృందం పెద్ద ఫోల్క్‌మార్ జైడెల్ చొక్కా జేబులోంచి పళ్లు కుట్టుకునే పుల్లలు తీసి, కేకు మీద వరసగా ఆరు గుచ్చాడు.

"ఏంటవి?" అంది గెసీన్.

"ఆరు రోజులు. ఎత్తి, మళ్లీ మెల్లమెల్లగా దింపుకునేసరికి మన గడువులోంచి పోయేవి. రోజుకో పుల్ల."

"నయం, కొవ్వొత్తులు గుచ్చలేదు. పుట్టినరోజనుకుని పాట పాడేవాళ్లం," అన్నాడు హెన్నింగ్. రెక్కల వేడి చూసే పని అతనిది. రెండో చేతుల కుర్చీ కూడా అతనిదే. మూడోది ఫోల్క్‌మార్‌ది.

అందరూ నవ్వారు. గెసీన్ కూడా నవ్వింది. నవ్వుతూనే, పుల్లలకి తగలకుండా వాటి పక్కనుంచి కత్తి దింపి, పన్నెండు ముక్కలు సమానంగా కోసింది. యాభై ఏడేళ్ల మనిషి, ఇరవై రెండేళ్లుగా ఆ కారిడార్లోనే పని చేస్తున్న మనిషి, ఎందుకు నవ్వానా అని తర్వాత రెండు రోజులు ఆలోచించింది.

అందరి నోళ్లూ నిండాక ఫోల్క్‌మార్ అసలు సంగతి చెప్పాడు. నోట్లో కేకు ఉండగా అభ్యంతరం చెప్పడం కష్టం.

"డిసెంబరు తొమ్మిదికల్లా ట్రూడి చివరి కక్ష్యలోకి రావాలి. దాటితే నీడల కాలం. రెక్కలకి ఎండ చాలదు. ఇప్పుడు మన చేతిలో ఉన్నది నాలుగు రోజుల వెసులుబాటు. అందుకని రెండు మార్పులు. ఒక్కో చుట్టు చూసి బెదిరిపోకుండా, ముప్పై చుట్ల సగటు చూద్దాం. ప్రోగ్రాం ఇనెస్ రాసేసింది. ఇంకోటి, కింద రికార్డుల గదిలో ఏడు నెలల కాగితాలు పేరుకున్నాయి. గెసీన్ వాటి సంగతి చూస్తుంది. ఈ కుర్చీలో ఇనెస్ కూర్చుంటుంది."

ఇనెస్ తల ఎత్తలేదు. పోర్టో నుంచి వచ్చి రెండేళ్లయింది. ఇరవై తొమ్మిదేళ్లు. ఉద్యోగం డిసెంబరు దాకా. ఆ తర్వాత పొడిగించాలా వద్దా అన్న కాగితం మీద సంతకం ఫోల్క్‌మార్‌దే.

గెసీన్ లేచి తన కుర్చీలోంచి నీలం దిండు తీసుకుంది. అంచులకి చేత్తో కుట్టు వేసిన దిండు.

"దిండు ఉంచెయ్ గెసీన్, పాపం ఇనెస్‌కి పనికొస్తుంది," అన్నాడు ఫోల్క్‌మార్.

"కుర్చీ ఆఫీసుది. దిండు నాది."

ట్రే మాత్రం అక్కడే వదిలేసి వెళ్లింది. కడిగి పంపించే మర్యాదైనా మిగిలిందేమో చూద్దామని. మిగల్లేదు.

రికార్డుల గదిలో ఒక కిటికీ ఉంది. అందులోంచి సైకిళ్ల చక్రాలు కనిపిస్తాయి. ట్రూడి ప్రతి చుట్టుకీ ఒక కాగితం పైనుంచి వస్తుంది. గెసీన్ దానికి రెండు బెజ్జాలు కొట్టి, నంబరు వేసి, ఫైలులో పెట్టాలి. ఆ పనికి ఇరవై రెండేళ్ల అనుభవం అక్కర్లేదు. అది ఉన్న మనిషికి ఆ పని అప్పగిస్తే చేతులు పని చేస్తుంటాయి, కళ్లు చదువుతుంటాయి. ఫోల్క్‌మార్ ఆ సంగతి ఆలోచించలేదు.

కాగితంలో గెసీన్ చూసేది ఒక్క అంకె. చుట్టు పూర్తి చేసుకుని ట్రూడి అనుకున్న వేళకి ఎన్ని సెకన్లు ముందొచ్చింది? గాలి అనుకున్నదానికన్నా చిక్కగా తగిలితే వేగం ఎక్కువ పోతుంది, చుట్టు చిన్నదవుతుంది, ట్రూడి ముందే ఇల్లు చేరుతుంది. ఒకటి, సున్నా, రెండు, ఒకటి, సున్నా. అంతా బుద్ధిగానే ఉంది. ఆరోది నాలుగు.

అంకెలన్నీ గళ్ల నోటుబుక్కులో పెన్సిలుతో వేసుకుంది. వరసకి ఆరు చొప్పున.

మంగళవారం మధ్యాహ్నం ఏదో పాత ఫైలు కావాలని ఇనెస్ కిందికొచ్చింది. కావలసిన ఫైలు పేరు రెండుసార్లు మార్చి చెప్పింది.

"కూర్చో అమ్మాయ్. ఫైలు కోసం రాలేదని తెలుసు," అంది గెసీన్.

"కుర్చీ నేనడగలేదు గెసీన్ గారూ."

"అడిగుంటే నీకిచ్చేవాడు కాదు. ఇది చూడు." నోటుబుక్కు తిప్పి పెట్టింది. "అంగారకుడు ఒక్కసారి తిరిగేసరికి మన ట్రూడి ఆరు చుట్లు కొడుతుంది. అంటే ప్రతి ఆరో చుట్టూ దాదాపు ఒకే చోటు మీదుగా పోతుంది. నిన్న ఆరోది నాలుగు సెకన్లు. ఇవాళ ఆరోది ఏడు. మిగతా అయిదూ నిన్నెలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి."

ఇనెస్ వేలితో వరసలు తడిమింది. "ఆ చోటు దక్షిణాన ఉన్న పల్లపు మైదానం కదా. అక్కడ దుమ్ము లేస్తోందని ఫొటోల వాళ్లు అంటున్నారు, చిన్న మచ్చ."

"దుమ్ముకి ఎండ తగిలితే వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి పొంగుతుంది. మచ్చ చిన్నదే. పొంగేది పైకి."

"సగటులో ఒకటిన్నర సెకనే వస్తోంది."

"నువ్వు వంట చేస్తావా?"

"గుడ్లు ఉడకేస్తాను."

"చాల్లే. ఆరు పొయ్యిల మీద ఆరు గిన్నెలు పెట్టావనుకో. అయిదింట్లో చన్నీళ్లు. ఆరో దాంట్లో పాలు పొంగుతున్నాయి. ఆరింటికీ సగటు తీస్తే అంతా గోరువెచ్చగా, హాయిగా ఉంటుంది. పొయ్యి మాత్రం పాలపాలు."

ఇనెస్ నవ్వబోయి ఆగింది. "ముప్పై చుట్ల సగటు రాసింది నేనే," అంది.

"రాయమన్నది ఎవరు?"

ఇనెస్ నోటుబుక్కు మూసి లేచింది. వెళ్తూ వెళ్తూ తను అడిగిన ఫైలు అక్కడే మర్చిపోయింది.

బుధవారం ఆరో కాగితం రెండున్నరకి వచ్చింది. పదమూడు సెకన్లు.

గెసీన్ బెజ్జాలు కొట్టలేదు. ఆ కాగితం పట్టుకుని మెట్లెక్కి ఫోల్క్‌మార్ గది తలుపు కొట్టింది. లోపల ఆయన నిలబడే సాండ్‌విచ్ తింటున్నాడు. బల్ల మీద డిసెంబరు క్యాలెండరు, తొమ్మిది చుట్టూ ఎర్ర సున్నా. ఆ సున్నాని ఆయన కొన్ని వందలసార్లు దిద్దినట్టున్నాడు, కాగితం చిరగడానికి సిద్ధంగా ఉంది.

"నాలుగు, ఏడు, పదమూడు. రేపు ఎంతనుకుంటున్నావు?" అంది గెసీన్.

"సగటు రెండు."

"నేను సగటు అడగలేదు."

"గెసీన్, పోయిన గురువారం ఇలాగే తొమ్మిది సెకన్లని గాభరా పడ్డావు. ఏమైంది?"

"ఎత్తాం. ఏమీ కాలేదు."

"అదే నేనూ అంటున్నాను."

"అదే నేనూ అంటున్నాను, ఫోల్క్‌మార్. ఇద్దరం ఒకే మాట అంటున్నాం, నువ్వు తల అడ్డంగా ఊపుతున్నావు."

ఆయన సాండ్‌విచ్ కాగితంలో చుట్టేశాడు. కోపం కన్నా అలసట ఎక్కువ ఉంది ఆ చేతుల్లో. "ఇంకో ఆరు రోజులు పోగొట్టుకునే స్థితిలో లేను. పై వాళ్లకి నేను జవాబు చెప్పుకోవాలి. నీకు ఆ కుర్చీ లేదు గెసీన్. దయచేసి అర్థం చేసుకో."

"లేదు. అందుకేగా నిలబడి చెబుతున్నాను."

కింద గదికి వెళ్లి కోటు వేసుకుంది. ట్రాము ఎక్కింది. అయిదు స్టాపుల ముందే దిగి, సంతలో నాలుగు కిలోల ప్లమ్ పళ్లు కొంది.

ఆమె భర్త ఓట్మార్ అప్పటికే బంగాళాదుంపల సూపు పొయ్యి మీద పెట్టాడు. అదే ఊళ్లో ముప్పై ఒక్క ఏళ్లు ట్రాము నడిపి రిటైరైన మనిషి. ఇప్పుడు ఇంట్లో సూపు నడుపుతున్నాడు, స్టాపు స్టాపుకీ మూత తీసి చూస్తూ.

"నాలుగు కిలోలా! ఎవరి పుట్టినరోజు?"

"జరిమానా."

"సోమవారం కట్టేశావుగా?"

"ఇది ముందస్తు." ఈస్టు వేసిన పిండిని బల్ల మీద కుమ్మింది. సోమవారం నుంచీ చేతుల్లో ఆగి ఉన్నదంతా ఆ పిండిలోకి దిగింది. "ఊరికే నిలబడకు. గింజలు తియ్యి. రెండు చెక్కలుగా చీల్చకు, పుస్తకంలా తెరువు."

ఓట్మార్ కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్లు ఊదారంగుకి తిరిగాయి. గెసీన్ నాలుగు ముక్కల్లో సంగతి చెప్పింది. పుల్లల సంగతి ఇవాళే చెప్పింది.

"ఎన్ని పుల్లలు?"

"ఆరు."

ఓట్మార్ ఆరు గింజలు వరసగా తీశాడు. "ఆకులు రాలే కాలంలో," అన్నాడు తర్వాత, "పట్టాల మీద తడి ఆకులుంటే నేను స్టాపుకి ఎనభై మీటర్ల ముందే బ్రేకు పట్టేవాణ్ణి. వెనకాల నిలబడ్డ ముసలమ్మలు 'ఓట్మార్, నడిచొస్తే ఈపాటికి ఇంట్లో ఉండేవాళ్లం కదయ్యా' అని వేళాకోళం చేసేవాళ్లు."

"నువ్వేమనేవాడివి?"

"దిగి నడవమనేవాణ్ణి. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కళ్లయినా వచ్చి, 'ఓట్మార్, నన్ను గుద్దనందుకు సంతోషం' అన్నారా? ఎలా అంటారు? వాళ్లకి తెలిస్తేగా."

"చాల్లే, రసం పిండిలోకి కారుతోంది. చెయ్యి పక్కన పెట్టుకో."

పెద్ద ట్రేలో పళ్లని పెంకుల్లా ఒకదాని అంచు మీద ఒకటి ఆనించి పేర్చింది. చిన్న ట్రేలోది రాత్రికి ఇంట్లో సూపుతో నంజుకోవడానికి. ఓవెను ముందు స్టూలు వేసుకుని, ఇరవై నిమిషాలకోసారి ట్రే తిప్పుతూ కూర్చుంది. ఆ ఓవెనుకి వెనక ఎడమ మూల వేడెక్కువ. పద్నాలుగేళ్లుగా తెలుసు. ఏ మీటరూ ఆ మాట చెప్పదు.

గురువారం తొమ్మిదిన్నరకి బల్ల దగ్గర ఏడుగురే ఉన్నారు. గెసీన్ ట్రే మోసుకుని లోపలికి రాగానే మిగతా నలుగురూ వాసన పట్టి వచ్చేశారు.

"ఇవాళెవరు తప్పు చేశారు?" అన్నాడు హెన్నింగ్ చేతులు రుద్దుకుంటూ.

"ఇంకా ఎవరూ చెయ్యలేదు. చెయ్యకముందే తెచ్చాను." ట్రేని బల్ల మధ్యన పెట్టి, మీది గుడ్డ తీసి, మడిచి, దాని పక్కన నోటుబుక్కు తెరిచి పెట్టింది. కత్తి కూడా తనే తెచ్చుకుంది. "కేకు వచ్చేసింది. ఇక ఎత్తండి."

గదిలో ప్లేట్ల చప్పుడు ఆగిపోయింది.

"గెసీన్," అన్నాడు ఫోల్క్‌మార్ నెమ్మదిగా, "నీకు ఈ గదిలో..."

"కుర్చీ లేదు. నిన్ననే చెప్పావు. అందరూ వినండి, ఇంకెన్నిసార్లు నిలబడే ఓపిక ఉంటుందో తెలీదు. ఇవాళ ఒంటిగంటా నలభైకి ట్రూడి మళ్లీ ఆ మైదానం మీదికి వస్తుంది. నాలుగు, ఏడు, పదమూడు. పదకొండూ నలభై లోపల ఎత్తాలి. అప్పుడు కక్ష్య పైకొనలో ఉంటుంది, దిగడం మొదలయ్యాక ఎత్తే వీలు లేదు."

"సగటు..."

"ఆ మాట ఇంకోసారి అన్నావంటే కేకు పట్టుకుపోతాను."

ఎవరో నవ్వి, గబుక్కున ఆపేసుకున్నారు. ఫోల్క్‌మార్ నవ్వలేదు. "ఇంకో ఆరు రోజులు. డిసెంబరు పదకొండు అవుతుంది. రెండు రోజులు నీడలోకి పోతాం. అది ఊహ కాదు, లెక్క. నీ పదమూడు సెకన్ల కోసం ఖాయంగా వచ్చే కష్టాన్ని నెత్తిన వేసుకోమంటున్నావు."

"రెండు రోజులు నీడలో ఉంటే ట్రూడి అరకొర కరెంటుతో ముక్కుతూ మూలుగుతూ బతుకుతుంది. రెక్కలు ఊడితే ముక్కడానిక్కూడా ఉండదు. అవతలిది కూడా లెక్కే. నీ లెక్కలో అది వెయ్యలేదంతే."

ఆయన తలుపు వైపు చూశాడు, గెసీన్ తనంతట తనే అర్థం చేసుకుని వెళ్తుందన్నట్టు. ఆమె కదల్లేదు. కాళ్లు నొప్పిగా ఉన్నాయి. అయినా బల్ల అంచు పట్టుకోలేదు.

అప్పుడు ఇనెస్ చెయ్యి చాపి కత్తి తీసుకుంది. మూల ముక్క కోసింది, పళ్లు ఎక్కువున్న వైపు. దాన్ని తన ప్లేటులో పెట్టుకుని, ప్లేటుని దగ్గరికి లాక్కుంది.

"ఈ కేకు నాది," అంది.

"ఏమిటి?" అన్నాడు ఫోల్క్‌మార్.

"నేను తెచ్చినట్టే రాసుకోండి. ఎత్తండి." గొంతు సన్నగా వచ్చింది. రెండోసారి గట్టిగా అంది. "ఎత్తండి. కుర్చీ నాదే కదా, సోమవారం నుంచి?"

"ఇనెస్, నువ్వు రాసిన ప్రోగ్రామే ఎత్తక్కర్లేదంటోంది. మరి ఎందుకని..."

"ఎందుకని ఇవాళ అడక్కూడదు, ఫోల్క్‌మార్," అన్నాడు హెన్నింగ్. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు. "పుస్తకంలో ఉన్న సగం అదే."

ఫోల్క్‌మార్ గోడ గడియారాన్ని చూశాడు. తర్వాత ఫోను అందుకుని ఒక్క మాట అన్నాడు. ఏడు నెలల్లో ఆ మాట ఆయన నోట్లోంచి పైకి వెళ్లడం రెండోసారి. రెండుసార్లూ ఇంకొకరి మాటే.

పదకొండూ నలభైకి ట్రూడి ఇంజను కాసేపు మండింది. ఒంటిగంటా నలభైకి గాలిలోకి దిగింది. దిగినంతసేపూ మాట ఉండదు, రెక్కలు గాలికి అడ్డం తిప్పితే యాంటెనా భూమికి ఎదురుగా ఉండదు. అక్కణ్ణుంచి కబురు రావడానికి ఇంకో పదమూడు నిమిషాలు. ఎవరూ భోజనానికి వెళ్లలేదు. కేకు మాత్రం తగ్గుతూ పోయింది. ఇనెస్ తన ముక్కని ముట్టుకోలేదు. దానికి కాపలా కాస్తున్నట్టు కూర్చుంది.

హెన్నింగ్ తెర మీదికి వంగాడు. చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"నూట అరవై ఎనిమిది."

జిగురు వదిలేసేదానికి ఏడు డిగ్రీలే తక్కువ.

"ఐదు కిలోమీటర్లు ఎత్తాక," అన్నాడు హెన్నింగ్, ఎవరికైనా ఇంకా తెలియలేదేమోనని.

ఐదు కిలోమీటర్లు కిందనైతే గాలి దీనికి రెండింతలు. ఫోల్క్‌మార్ చేతిలో ఉన్న కాగితపు రుమాలు మీద పెన్సిలుతో లెక్క వేశాడు. వేసి, దాన్ని నాలుగు మడతలు పెట్టి, సోమవారం పుల్లలు తీసిన జేబులోనే పెట్టుకున్నాడు.

ఇనెస్ కేకు తినడం మొదలుపెట్టింది.

గెసీన్ ఖాళీ ట్రే పట్టుకుని కిందికి పోయింది. నిన్నటి కాగితానికి ఇంకా బెజ్జాలు కొట్టలేదు. కొడుతుంటే ఫోల్క్‌మార్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. కిటికీలో ఒక సైకిలు చక్రం వెళ్లిపోయింది. ఇంకోటి వెళ్లిపోయింది.

"నువ్వు చెప్పింది నిజమైంది," అన్నాడు.

"పోయిన గురువారం కూడా."

"అది మనకి తెలియదు గెసీన్."

"తెలియదు. తెలియకుండానే ఆరు పుల్లలు గుచ్చావు."

ఫోల్క్‌మార్ చెయ్యి జేబు దాకా వెళ్లి వెనక్కొచ్చింది. "నువ్వూ నవ్వావుగా," అన్నాడు చివరికి.

"అదొక్కటే నా తప్పు. దానికి కేకు తెచ్చేశాను."

ఆయన ఫైళ్ల వరసలు చూశాడు. ఏడు నెలల పనీ మూడున్నర రోజుల్లో అలమరలోకి చేరిపోయింది. "రేపట్నుంచి నీ కుర్చీలోకి వచ్చెయ్. ఇనెస్‌ని మళ్లీ పక్కకి..."

"ఆ కుర్చీ ఖాళీ లేదు. ఎత్తమన్న మనిషి కూర్చుంది అందులో. ఆ పిల్ల కాగితం మీద సంతకం పెట్టు ముందు."

"చేతుల కుర్చీలు మూడేనని నియమం."

"అయితే మూడు కొట్టేసి నాలుగని రాయి. అదిగో, ఆ అలమర వెనక ఒకటుంది. చేతులు బాగానే ఉన్నాయి. కుడివైపు చక్రం కిర్రుమంటుంది. లిఫ్టు దాకా నెట్టేవాళ్లు కావాలి."

"ఎవరు, నేనా?"

"నేను దిండు పట్టుకోవాలి కదా."

ఆ కిర్రు మొదటి అంతస్తు కారిడారు పొడుగునా వినిపించింది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. బృందం పెద్ద వంగి కుర్చీ నెడుతున్నాడు, వెనక గెసీన్ నీలం దిండు చంకలో పెట్టుకుని, తొందరేమీ లేకుండా నడుస్తోంది.

శుక్రవారం తొమ్మిదిన్నరకి బల్ల మీద ఒక కేకు ఉంది. గుడ్డ కింద ఏదో వంకరగా ఉబ్బి ఉంది. పక్కన నిలబడ్డవాడు ఫోల్క్‌మార్. గెసీన్ చూసిన ఇరవై రెండేళ్లలో ఆయన కేకు తేవడం అదే మొదటిసారి. ఎప్పుడూ ఎత్తమని అనలేదు గనక ఎప్పుడూ తేవలసిన అవసరం రాలేదు.

"బేకరీది కాదు. నేనే చేశాను," అన్నాడు.

"అది కనిపిస్తూనే ఉంది," అన్నాడు హెన్నింగ్.

గడువులోంచి మరో ఆరు రోజులు పోయాయి. అయినా ఈసారి పుల్లలెవరూ గుచ్చలేదు. గెసీన్ నాలుగో కుర్చీలో దిండు సర్దుకుని కూర్చుంది. ముక్కని ప్లేటులో పెట్టుకుని, కత్తి మొనతో తిరగేసి చూసింది. పైన పచ్చిగా, తెల్లగా ఉంది. అడుగు బొగ్గు.

"ఓవెనులో పైనొక తీగ, కిందొక తీగ ఉంటాయిట," అన్నాడు ఫోల్క్‌మార్. అన్నాక తనే ఆగిపోయాడు. "రెండూ కలిపి... నూట ఎనభై చూపించింది. సరిగ్గా నూట ఎనభై."

ఇనెస్ ప్లేటులోకి తల వంచేసింది. హెన్నింగ్ దగ్గాడు.

గెసీన్ మాడిన అడుగుని ఓపిగ్గా గీకి, ప్లేటు అంచున కుప్పగా పెట్టింది. మిగిలినదాంట్లోంచి చిన్న ముక్క తుంచి నోట్లో వేసుకుని, అందరూ చూస్తుండగా పూర్తిగా నమిలి మింగింది.

"ఎలా ఉంది?" అన్నాడు ఫోల్క్‌మార్.

"సగటు చూస్తే," అంది గెసీన్ నోటుబుక్కు తెరుస్తూ, "బాగానే ఉంది."